గరిటె అక్క ముక్కు

మా తోడికోడలి చేతి దెబ్బ తినని వాళ్ళు మా ఇంట్లో ఇద్దరే. ఒకరు గోడ మీద ఫొటోలో ఉన్న మా మామగారు, రెండోది పిల్లి. అది కూడా అందకుండా తిరుగుతుంది కాబట్టి బతికిపోయింది. ఆమె గురించి మెత్తగా చెప్పమంటే నా వల్ల కాదు. మెత్తగా చెప్తే అది ఆమె కథ కాదు, పక్కింటావిడ కథ అవుతుంది.

నేను ఆ ఇంటికి చిన్న కోడలిగా వచ్చిన మూడో రోజునే స్నానాల గదిలో బకెట్టు దగ్గర మా ఇద్దరికీ పడింది. నేను ముందు పట్టుకున్నానని నేను, నీళ్ళు తను పట్టుకుందని తను. ఆమె నా జుట్టు పట్టుకుంది. నేను ఊరుకుంటానా? ఆమె మణికట్టు కొరికాను. రక్తం వచ్చింది. మా అత్తగారు తొంగిచూసి, "రెండు కొప్పులు ఒకచోట ఇమడవని ఊరికే అన్నారా!" అని తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం తోడికోడలే దువ్వెన పట్టుకుని నా వెనక కూర్చుని, తను పెట్టిన చిక్కులన్నీ తనే తీసింది.

"పళ్ళు గట్టివే నీవి" అంది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావ్? మా కంపెనీలో మనుషులు కావాలట, రా."

ఆ వారమే నేను సువాసన కొవ్వొత్తుల కంపెనీలో చేరాను. అక్కడ ఆమెను అందరూ గరిటె అక్క అనేవాళ్ళు. పొడవాటి స్టీలు గరిటె ఎప్పుడూ ఆమె చేతిలో ఉండేది. పెట్టెలు కట్టే విభాగంలో ఒకడు ఓ పిల్ల నడుము మీద చెయ్యి వేస్తే, ఆ గరిటె కాడతో వాడి వేళ్ళ కణుపుల మీద ఒక్కటిచ్చింది. వాడు నెల రోజులు ఎడమచేత్తో తిన్నాడు. చెప్పి కొట్టొచ్చు కదా అని అడిగాను. "చెప్పి కొట్టడం నాకు రాదు. కొట్టి చెప్తాను" అంది. మా బావగారు పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆమె మీద చెయ్యెత్తారట. ఎత్తిన చెయ్యి దిగేలోపే ఆయన వీపు మీద పీట విరిగింది. ఇప్పటికీ ఆమెతో మాట్లాడేటప్పుడు ఆయన చేతులు వెనక్కి కట్టుకుంటారు.

అంత చేతి గర్వం ఉన్న మనిషి, నిజానికి గర్వపడేది మాత్రం తన ముక్కును చూసుకుని. సెంటు నూనె డబ్బా మూత తియ్యగానే, "ఇది పోయినసారి వచ్చిన సరుకు కాదు, ఏదో కలిపారు" అని చెప్పేసేది. యజమాని నవ్వి కొట్టిపారేసేవాడు. వారం తిరిగేసరికి కొన్నవాళ్ళు డబ్బాలు తిరిగి పంపేవాళ్ళు.

కంపెనీ డబ్బా మీద బంగారు అక్షరాలతో 'శుద్ధ సోయా, చేతితో పోసినది' అని ఉండేది. లోపల సోయా గింజల నూనెతో చేసే మైనం పది పాళ్ళలో మూడు పాళ్ళు, తక్కినదంతా పెట్రోలియం నుంచి వచ్చే చౌక పారఫిన్. పోసేది యంత్రం, ఒక్క ఊపులో నలభై గ్లాసులు. గట్టిపడ్డాక వత్తి చుట్టూ గుంటలు పడతాయి. ఆ గుంటల్లో గరిటెతో రెండోసారి పోసి పూడ్చడం మా అక్క పని. ఆ ఒక్క గరిటెడు మైనంతోనే అది చేతితో పోసిన కొవ్వొత్తి అయిపోయేది! పైన అద్దంలా నునుపు. మూత తీస్తే వాసన గుప్పుమని ముఖాన కొడుతుంది. ఇంటికి తీసుకెళ్ళి వెలిగిస్తే గంటకల్లా వాసన మాయం, మిగిలేది మసి. పైన పటారం, లోన లొటారం.

అక్కడ మా మీద ఒక మేస్త్రీ ఉండేవాడు. మెడలో ఈల వేలాడేసుకుని, మనుషుల్ని పేరు పెట్టి పిలవకుండా ఈలతో పిలిచేవాడు. ఈల మేస్త్రీ అనేవాళ్ళం. ఒకరోజు తప్పు నాదే. గ్లాసుల్ని ముందు వెచ్చబెట్టాలి, లేకపోతే వేడి మైనం పడగానే పగులుతాయి. ఆ పొద్దున వెచ్చబెట్టే పెట్టె స్విచ్చి వెయ్యడం మరిచాను. యంత్రం పోసింది. టప్, టప్, టప్. నలభై గ్లాసులూ పగిలి మైనం కిందికి కారి నా చెప్పులు నేలకు అతుక్కుపోయాయి.

ఈల మేస్త్రీ వచ్చాడు. "కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అంటూ పక్కనున్న ఇనుప జగ్గు తీసుకుని నా తల మీదికి ఎత్తాడు. చెప్పులు అతుక్కుపోయి నేను కదలలేకపోయాను. అక్క మధ్యకి వచ్చింది.

"చెయ్యి దించు" అంది.

వాడు దించలేదు. జగ్గు ఆమె నుదుటికి తగిలింది. ఆమె వెనక్కి పడి, తల వెనక భాగం మైనం డ్రమ్ము అంచుకు కొట్టుకుంది. ఆ చప్పుడు నేను విన్నాను. ఇప్పటికీ ఎవరైనా పెద్ద గిన్నె కింద పడేస్తే చెవులు మూసుకుంటాను. ఆమె నేల మీదికి జారిపోయింది, రక్తం కనుబొమ్మ మీదుగా చెవిలోకి కారింది.

"లే, చాల్లే నాటకాలు" అన్నాడు వాడు.

లేచింది. గోడ పట్టుకుని లేచి, గరిటె వెతుక్కుని, అడ్డంగా వాడి నోటి మీద కొట్టింది. ముందు పళ్ళు రెండు ఊడి, నేల మీద గట్టిపడుతున్న మైనంలో దిగబడ్డాయి. వాడు నోరు పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడితే ఇంకోటి ఇవ్వబోయింది. నలుగురం కలిసి లాగాం.

"ఇటూ రక్తం కారింది, అటూ రక్తం కారింది. చెల్లుకు చెల్లు" అని యజమాని తీర్పు చెప్పాడు. నన్నూ అక్కనూ పనిలోంచి తీసేశాడు. మేస్త్రీని కూడా తీసేశాడు కానీ, కొత్త పళ్ళు కట్టించుకోగానే కొట్లకు సరుకు అమ్మే పనిలో పెట్టుకున్నాడు. ఛీ, వాడి న్యాయం మండ!

నుదుటి కుట్లు విప్పిన రోజు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. వంటింట్లోంచి పొగ వస్తోంది. పరుగెత్తాను. పొయ్యి మీద పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడిపోతోంది. అక్క పొయ్యికి వీపు తిప్పి రెండడుగుల దూరంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"అక్కా, మాడు వాసన రావట్లేదా?" అన్నాను దగ్గుతూ.

ఆమె తిరిగి గిన్నె చూసింది. తర్వాత నన్ను చూసింది. లేచి, అలమరలోంచి లవంగాల సీసా తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత కిరసనాయిలు సీసా. తర్వాత తను దాచుకున్న సెంటు నూనెల సీసాలు ఒక్కొక్కటీ. ఒక్కొక్కటీ చూడటం, గోడకేసి కొట్టడం. మల్లె, నిమ్మ, చందనం, అన్నీ గోడ మీదుగా కలిసి కారుతుంటే ఆ వాసనకు నాకు ఊపిరాడలేదు. ఆమెకు మాత్రం ఏమీ లేదు. ఆఖరికి పిడికిలి బిగించి తన ముక్కు మీద తనే గుద్దుకోవడం మొదలుపెట్టింది. చేతులు పట్టుకుంటే నన్ను కూడా గుద్దింది. ఇద్దరం గాజుపెంకుల్లో దొర్లాం. అప్పుడు ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదలు.

తలకు గట్టి దెబ్బ తగిలితే వాసన నరాలు తెగిపోవచ్చన్నాడు డాక్టరు. ఏడాదిలో రాకపోతే ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఆస్పత్రి మెట్ల మీద నేను, "నా వల్లే కదా అక్కా" అంటూ మొదలుపెట్టాను. ఆమె నా దవడ రెండు వేళ్ళతో నొక్కిపట్టింది.

"ఈ సంగతి మూడో మనిషికి తెలిసిందో, పీక పిసుకుతాను. మీ ఆయనకీ చెప్పకు, మా ఆయనకీ చెప్పకు. వాసన తెలియని దాని దగ్గర వాసన కొవ్వొత్తులు ఎవరు కొంటారే?"

"కొవ్వొత్తులా? ఎవరు చేస్తున్నారు?"

"మనం."

అలా మొదలైంది. వెనక వసారాలో నీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి, అందులో సోయా మైనం రేకులు కరిగించేవాళ్ళం. పారఫిన్ చుక్క లేదు. థర్మామీటరు చూసి దించడం, వేడి కాస్త తగ్గాక నూనె కలపడం, వెచ్చని గ్లాసుల్లో సన్నటి ధారగా పోయడం, మర్నాటి దాకా వాటిని ముట్టకపోవడం. మొదటి విడతలో పైన తెల్లటి మచ్చలు వచ్చాయి. బూజు పట్టిందని గొడవ చేశాను. నెత్తి మీద మొట్టింది.

"అది సోయా లక్షణం. నునుపుగా ఉంటేనే అనుమానించాలి. కంపెనీదానికి పౌడరు పూసిన ముఖం, దీనికి కడిగిన ముఖం" అంది.

పోసిన పద్నాలుగు రోజుల వరకూ వెలిగించనిచ్చేది కాదు. వాసన మైనంలో కుదురుకోవాలట. కంపెనీలో పోసిన సాయంత్రమే లారీ ఎక్కించేవాళ్ళు.

ఒక్కో నూనె ఘాటు ఒక్కోలా ఉంటుంది, చెంచా కొలత ఒక్కటే సరిపోదు. అక్కడే ముక్కు కావాలి. ఆ ముక్కు నాది. పొద్దున్నే, మధ్యాహ్నం కాకముందే వాసన చూడాలి. మూడుసార్లు చూశాక ముక్కు మొద్దుబారుతుంది, అప్పుడు మన మోచేతి మడత వాసన చూసుకుంటే మళ్ళీ తేరుకుంటుంది. ఇవన్నీ మొట్టికాయలతో నేర్పింది. నేను కళ్ళు మూసుకుని వాసన చూస్తుంటే ఆమె నా ముఖం వంక చూస్తూ ఉండేది. "చాలు" అంటే ఆపేది, "ఇంకా" అంటే పోసేది. ఏడాది గడిచింది. ఆమెకు వాసన రాలేదు.

చిన్న చిన్న కొట్లవాళ్ళు తీసుకోవడం మొదలుపెట్టారు. అంతలో ఈల మేస్త్రీ వెళ్ళి, ఆమె సరుకు పెడితే కంపెనీ సరుకు రాదని బెదిరించాడు. ఒక్కొక్కరే మానేశారు. మిగిలింది బజారులో కానుకలు అమ్మే పెద్ద కొట్టు ఒక్కటే. దాని యజమానురాలు ఎవరి బెదిరింపూ వినే రకం కాదు.

"రెండూ ఒకే బల్ల మీద వెలిగిస్తాను" అంది. "రెండు గంటలు చూస్తాను. ఏది నచ్చితే అది అలమరలో ఉంటుంది, రెండోది బయటికి."

"ఇది పోతే నాకింక మైనం లేదు. సబ్బుల ఫ్యాక్టరీలో పెట్టెలు మొయ్యడమే" అంది అక్క ఇంటికొస్తూ. ఆమె గొంతులో భయం నాకు కొత్త.

ఇప్పుడు నా వెధవ పని చెప్తాను. ఆ కొట్టు కోసం మైనం కరిగించిన రోజు పొద్దున నాకూ మా ఆయనకూ పోట్లాట. ఆయన చెప్పు విసిరాడు, నేను చెంబు విసిరాను. ఆయన నుదురు బొప్పి కట్టింది, నాకు ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. వసారాలోకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క తన కొలత ప్రకారం నూనె కలిపి గిన్నె నా ముందు పెట్టింది. వాసన చూశాను. ఏమీ తెలియలేదు. మోచెయ్యి చూసుకున్నాను. అదీ తెలియలేదు. రేపు పొద్దున చూద్దాం అక్కా అంటే అయిపోయేది. ఆ మాట అనడానికి సిగ్గేసింది. ఆమెకు లేని ముక్కు నాకుందని ఏడాదిగా పెత్తనం చేస్తున్నాను కదా.

"తక్కువైంది" అన్నాను. ఆమె వత్తులు సరిచేయడానికి అటు తిరగగానే ఇంకో సగం సీసా ఒంపాను.

"ఇప్పుడో?"

"సరిపోయింది."

పద్నాలుగు రోజుల తర్వాత మూత తీస్తే మైనం మీద చెమట పట్టినట్టు నూనె చుక్కలు తేలి ఉన్నాయి. గుడ్డతో తుడిచేశాను. అప్పుడైనా చెప్పలేదు.

ఆ రోజు కొట్లోకి వెళ్ళేసరికి ఈల మేస్త్రీ ముందే వచ్చి ఉన్నాడు. కొత్త పళ్ళు మరీ తెల్లగా మెరుస్తున్నాయి.

"ఏం గరిటే, ఇంకా బతికే ఉన్నావా?"

"పళ్ళు బాగున్నాయి. మళ్ళీ ఎప్పుడైనా మార్చాలంటే చెప్పు" అంది అక్క.

రెండూ వెలిగించారు. మొదట కంపెనీది కొట్టంతా గుప్పుమంది. అరగంటకు పలచబడింది, గ్లాసు అంచున నల్లటి మసి గీత పడింది. మాది నెమ్మదిగా లేచి గదంతా నిండింది. లోపలికొచ్చిన వాళ్ళు, "ఎక్కడిదండీ ఈ వాసన?" అని అడుగుతున్నారు. యజమానురాలి ముఖం విప్పారింది. అక్కకు అవేవీ తెలియవు. వచ్చేవాళ్ళ ముక్కుల వంక చూస్తూ నిలబడింది పాపం. గెలుస్తున్నామని నేను ఆమె వేలు నొక్కాను.

ఒక గంట దాటింది. మా కొవ్వొత్తి మంట ఒక్కసారి బెత్తెడు పొడవు లేచింది. చిటచిటమంది. కరిగిన మైనం పైభాగమంతా అంటుకుంది. గ్లాసు ఫట్‌మని పగిలి, మండుతున్న మైనం బల్ల మీద పాకి, కానుకలకు చుట్టే కాగితాల్లోకి వెళ్ళింది. యజమానురాలు కెవ్వుమని పూలు పెట్టిన గాజు జాడీ ఎత్తి, అందులోని నీళ్ళు పొయ్యడానికి మంట మీదికి వంగింది.

అక్క ఎగిరి ఆమె మణికట్టు మీద కొట్టింది. జాడీ నేల మీద పడి ముక్కలైంది. భుజంతో ఆమెను ఒక్క తోపు తోస్తే ఆవిడ వెళ్ళి బొమ్మల అలమరకు గుద్దుకుని కూలబడింది. అక్క గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే దళసరి పట్టా లాగి మంట మీద పరిచి, రెండు అరచేతులతో అదిమిపట్టింది. పట్టా అంచుల్లోంచి మైనం ఆమె కుడిచేతి మీదికి పొంగింది. అయినా తియ్యలేదు. మంట చచ్చిపోయింది. చర్మం కాలిన వాసన వచ్చింది. అది నాకు తెలిసింది, ఆమెకు తెలియలేదు.

యజమానురాలు లేచి వచ్చి అక్క చెంప ఛెళ్ళుమనిపించింది. "నా కొట్లో నన్నే కొడతావా?"

అయిపోయింది, ఇవాళ ఇక్కడ శవం లేస్తుందనుకున్నాను. అక్క చెయ్యెత్తలేదు.

"కాలే మైనం మీద నీళ్ళు పడితే మంట మనిషెత్తు లేస్తుంది మేడం. మీరు దాని మీదికి వంగి ఉన్నారు. ముఖం మిగిలేది కాదు. ఆ సంగతి ఈయనకీ తెలుసు. పదిహేనేళ్ళు మైనం దగ్గరే బతికాడు. చూడండి, నోరు తెరవకుండా ఎంత వెనక్కి వెళ్ళి నిలబడ్డాడో."

అందరం చూశాం. వాడు తలుపు అవతల, మెట్టు మీద ఉన్నాడు.

"చెప్పేలోపే ఇదంతా..." అని నసిగాడు. అంతలోనే పుంజుకున్నాడు. "అసలు మంట ఎందుకు లేచిందో అడగండి మేడం. నూనె మితిమీరి పోసింది. ముక్కున్న వాళ్ళెవరూ అంత..." అని ఆగి, అక్క నుదుటి మీద మచ్చను చూశాడు. తెల్లపళ్ళు బయటపడ్డాయి. "ఓహో. నీకు వాసన తెలియట్లేదు, కదూ?"

యజమానురాలు, "నిజమా?" అంది. ఇంక దాచడం నా వల్ల కాలేదు.

"మేడం, ఆ నూనె పోసింది..." అన్నానో లేదో, అక్క ఎడమచెయ్యి నా నోటి మీద పడింది. పెదవి చిట్లింది.

"నువ్వు నోరెత్తకు" అని నన్ను కసిరి, ఆవిడ వైపు తిరిగింది. "నిజమే. నాకు వాసన రాదు. ఈయన జగ్గుతో కొట్టిన రోజు పోయింది. నూనె పోసింది నేనే. ఇది వాసన చూసి ఎక్కువైంది, వద్దంది. నేనే వినలేదు."

ఈల మేస్త్రీ పగలబడి నవ్వాడు. బజారంతా చాటిస్తానన్నాడు. యజమానురాలు అలమరలో ఉన్న వాడి డబ్బాలు ఒక్కొక్కటీ తీసి వీధిలోకి విసరడం మొదలుపెట్టింది. నాలుగోది వాడి మోకాలికి తగిలి పగిలింది. కుంటుకుంటూ పరుగెత్తాడు. తర్వాత ఆవిడ అక్క వైపు తిరిగి, "నువ్వూ వెళ్ళు" అంది. మేం గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"పద్నాలుగు రోజులు ఆగాలన్నావు కదా. ఆగి మళ్ళీ తీసుకురా. కానీ ఈసారి నూనె సంగతి ఇది చెప్పినట్టు చెయ్యి, నువ్వు తల దూర్చకు. వెలిగించేటప్పుడు నేను మాత్రం వీధిలో నిలబడతాను."

ఇది అంటే నేను. నన్ను నమ్మింది ఆవిడ!

సందు మలుపు తిరిగేదాకా ఆగలేకపోయాను. "అక్కా, నేనే పోశాను. మధ్యాహ్నం నాకు వాసన తెలియలేదు. చెప్పడానికి సిగ్గేసింది. చుక్కలు తేలితే తుడిచేశాను కూడా."

"తెలుసు. మంట లేవగానే తెలిసింది. నా కొలత నాకు తెలియదా?"

"తెలిసీ నీ మీద ఎందుకు వేసుకున్నావ్? నీ పరువంతా పోయింది కదా!"

కాలిన కుడిచెయ్యి దేనికీ తగలకుండా పైకి పట్టుకుని నడుస్తోంది. అరచెయ్యంతా బొబ్బలు.

"నాకు ముక్కు లేదంటే, పోనీలే, తోడికోడలికి ఉందిగా అంటారు. నీదీ నమ్మడానికి లేదంటే, ఇంక మన దగ్గర ఏముందే?"

నేను నడిరోడ్డు మీద నిలబడి గొంతెత్తి ఏడ్చాను. పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆమె బాగున్న చేత్తో నా చెవి మెలేసి దగ్గరికి లాక్కుంది.

"ఏడుపు ఆపు. ముక్కు దిబ్బడేస్తుంది."